నాయినను కూర్చోబెట్టాను

మా నాయిన ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. డెబ్బై దాటినా పొద్దున్నే మేడిపల్లి నుంచి ఉప్పల్ డిపో వైపు నడిచి, పాత దోస్తులతో చాయ్ తాగి వచ్చేవాడు. ఒక రాత్రి బాత్రూంలో పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు, తలకు చిన్న దెబ్బ తగిలిందంతే. ఆ తర్వాత నేను చేసిందే ఎక్కువ చెరుపు చేసింది.

నడక మానిపించాను. హైవే మీద ఫ్లైఓవర్ పనులు, దుమ్ము, గుంతలు... సాకులకు కొదవ లేదు. కంచం మంచం దగ్గరికే, నీళ్లు చేతికే. లేవబోతే "కూసో నాయినా, నేను తెస్త" అనేవాణ్ణి. దాన్ని సేవ అనుకున్నాను. నిజానికి నేను ఆఫీసులో ఉండగా ఇంటి నుంచి మళ్లీ పడ్డాడన్న ఫోను రాకూడదన్నదే నా ఆరాటం. "నన్ను కట్టేసినవ్‌రా" అన్నాడొకసారి. వినలేదు.

కొన్ని నెలలకే తొడలు సన్నబడ్డాయి. నాలుగడుగులకే ఆయాసం. బీపీ, షుగర్ పెరిగాయి. చివరికి మంచం మీంచి లేవబోయి మళ్లీ పడ్డాడు, మణికట్టు విరిగింది.

ఫిజియోథెరపిస్టు ఆయన్ని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేవలేకపోయాడు. నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే 10 రోజులు మంచం మీద ఉంటే కాళ్లలో దాదాపు కిలో కండ పోయిందని 2007లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. అంతకు చాలా ముందు, 1953లో, జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సులను పరిశీలించింది. కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. ఆ ఉద్యోగమే చేసిన మనిషిని నేను కుర్చీకి పరిమితం చేశాను.

నడక గుండెకు మేలే. కానీ పడకుండా ఉండాలంటే అదొక్కటే చాలదు. 108 ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి కాక్రేన్ సమీక్షలో, వ్యాయామం చేసిన పెద్దవాళ్లు పడటం సుమారు 23 శాతం తగ్గింది. ఎక్కువ ఫలితం ఇచ్చినవి నిలకడను, కాళ్ల బలాన్ని పెంచే కసరత్తులు. ఉత్త నడకతో పడటం తగ్గుతుందని మాత్రం రుజువు కాలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమతోపాటు మూడు రోజులైనా ఈ కసరత్తులు చేయాలంది.

ఇంకొకటి. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి ఒక మాత్ర మార్చారు. నిలబడగానే పై బీపీ 20 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ తగ్గితే కళ్లు తిరగొచ్చట. మొదటిసారి బాత్రూంలో పడ్డ రాత్రి జరిగింది అదేనేమో. నేల తడిని తిట్టానే గాని, "కళ్లు తిరిగినయా నాయినా" అని నేను అడగనే లేదు.

ఇప్పుడు వంటగట్టు పట్టుకుని మడమలు లేపుతాడు, కుర్చీలోంచి లేచి కూర్చుంటాడు, పాదం ముందు పాదం పెట్టి వరండాలో నడుస్తాడు. నేను పక్కనే ఉంటాను, చెయ్యి మాత్రం పట్టుకోను. పోయిన కండ పూర్తిగా తిరిగి రాలేదు. డిపో వైపు ఇంకా ఒంటరిగా వెళ్లలేడు.