కులం ఎదురుగా అడ్డగీత

మా అబ్బా జట్కా తోలేవాడు. ఊళ్ళోకి ఆటోలు వచ్చాక గుర్రాన్ని అమ్మేసి రిక్షా పట్టాడు. ఆ రిక్షా తొక్కే మా భయ్యాని ఇంటర్ దాకా చదివించాడు. 1991లో భయ్యా డిగ్రీలో చేరాడు. స్కాలర్‌షిప్ ఇస్తారంటే ఫారం తెచ్చుకుని, రాత్రి చాప మీద కూచుని, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు. పేరు, తండ్రి పేరు, ఆదాయం అన్నీ రాశాడు. కులం దగ్గర కలం ఆగింది.

"అబ్బా, ఇక్కడేం రాయాలి?"

"ముసల్మానులకి కులమేంది బేటా? గీత కొట్టు."

భయ్యా అడ్డగీత కొట్టాడు.

మర్నాడు గుమస్తా ఆ గీత దగ్గరే ఆగాడట. "కులం ఏదయ్యా?" "ముస్లిం సార్." "అది మతం. కులం చెప్పు." "షేక్." గుమస్తా లిస్టు తిరగేశాడు. "ఇందులో షేక్ లేదు. అంటే నువ్వు ఓసీ. ఓసీలకి ఇక్కడేం రాదు."

అలా ఒక్క పూటలో మేం ఓసీలమైపోయాం. వర్షమొస్తే గిన్నెలు పరుచుకునే మా రేకుల ఇల్లూ, ఊళ్ళో దొరగారి మేడా సర్కారు కాగితంలో ఒకే వరసలో చేరాయి.

మా పక్కింటి దూదేకుల అబ్బాయి భయ్యా క్లాసే. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అప్పటికే బి.సి.-బి లిస్టులో ఉన్నారు. అతనికి స్కాలర్‌షిప్ వచ్చింది. మా ఇంట్లో పొయ్యి మీద కన్నా నోళ్ళల్లోనే ఎక్కువ మంట. "ఉర్దూ రాదు, నమాజు రాదు, వాళ్ళేం ముసల్మానులు?" అంది అమ్మీ. కులం లేదన్న అబ్బా కూడా తలూపాడు. ఆ ఇంటికి పిల్లనిమ్మంటే ఇచ్చేవాళ్ళమా? నమాజులో భుజం భుజం కలిపి నిలబడతాం. సంబంధాలు చూసేటప్పుడు విడివిడిగా కూచుంటాం. మనకు కులం లేదన్న మాట మసీదులో నిజం, మా వాకిట్లో అబద్ధం. ఆ అబద్ధాన్నే భయ్యా ఫారంలో గీతగా గీశాం.

ఆ అబ్బాయికి మాత్రం సుఖమా? ఆఫీసులో "ముస్లింవా, బి.సి.వా, ఏదో ఒకటి చెప్పు" అన్నారట. మావాళ్ళేమో వెక్కిరించారు. రెండు వైపులా పరాయివాడే.

భయ్యా ఏడాది తిరక్కుండానే కాలేజీ మానేసి పంచర్ల దుకాణం పెట్టాడు. ఆ పంచర్ల డబ్బుతోనే నేను డిగ్రీ, బి.ఇడి. చదివాను. నాకు దక్కిన స్కాలర్‌షిప్ మా భయ్యానే.

2006లో సచార్ కమిటీ ముస్లింల చదువు, బతుకు ఎంత వెనకబడ్డాయో లెక్కలతో చెప్పింది. 2007లో రాష్ట్రంలో 14 ముస్లిం సమూహాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అందులో షేకులున్నారు. సయ్యదులు, పఠాన్‌లు లేరు. 2010లో హైకోర్టు దాన్ని కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. 2007-08 నుంచి కేంద్రం మైనారిటీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు మొదలుపెట్టింది. ఇంటర్ నుంచి పైకి చదివేవాళ్ళకు 50 శాతం మార్కులుండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు అన్నారు. 30 శాతం ఆడపిల్లలకు పక్కన పెట్టారు.

అప్పటికి నేను టీచర్ని. పిల్లల ఫారాలు నింపడం నా పనైంది. అప్పుడు తెలిసింది, మా పేర్లే మాకు గోడలని. పదో తరగతి మెమోలో 'షేక్', రేషన్ కార్డులో 'ఎస్.కె.', బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర. ముగ్గురు మనుషులనుకుని ఫారం వెనక్కి పంపేవారు. అందుకే పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడే పేరు ఒకే తీరుగా రాయించమని తల్లులకు చెబుతుంటాను.

ఒకరోజు భయ్యా కూతుర్ని వెంటబెట్టుకుని ఫారంతో వచ్చాడు. కులం దగ్గర అమ్మాయి కలం ఆగింది. నాకేసి చూసింది. నేను నోరు తెరిచేలోగా భయ్యానే అన్నాడు.

"షేక్, బి.సి.-ఇ అని రాయి బేటీ. గీత మాత్రం కొట్టకు."