జాతర డేరా

మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో తరతరాలుగా తెలుగు మాట్లాడేవారున్నారు. వారిలో ఎన్నో కుటుంబాలు రెండేళ్లకొకసారి మాఘమాసంలో గోదావరి దాటి మేడారం పోతాయి. అక్కడి సమ్మక్క సారలమ్మ జాతర నాలుగు రోజులు జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. ఆ నాలుగు రోజులూ ములుగు అడవిలో ఎక్కడ చూసినా డేరాలే. ప్రతి డేరా ముందూ ఒక పొయ్యి.

2020లో జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు జరిగింది. ముందు రోజే ఒక కుటుంబం ట్రాక్టరులో బయలుదేరింది. తల్లి, తండ్రి, ఏడో తరగతి చదివే అమ్మాయి, నాలుగేళ్ల తమ్ముడు, పిల్లలు బాపమ్మ అని పిలిచే నాయనమ్మ. గోదావరి వంతెన దాటి, కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా మధ్యాహ్నానికి మేడారం చేరారు. టార్పాలిన్‌తో డేరా వేసుకున్నారు.

పొయ్యి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే అధికారం బాపమ్మదే. ఆమె వంగి గుప్పెడు దుమ్ము తీసి మెల్లగా వదిలింది. దుమ్ము ఎటు పోయిందో చూసింది. గాలి డేరా మీదుగా పొయ్యి వైపు పోవాలి గాని, పొయ్యి మీదుగా డేరా వైపు రాకూడదు. ఇది ఆమె లెక్క. పది పన్నెండు అడుగులు దూరంగా జరిగితే బాగుండేది. కాని జాతరలో అంత చోటు ఎక్కడిది? ఆరడుగులు వేసేసరికి పక్క డేరా తాడు కాలికి తగులుతుంది. అందుచేత ఆ పక్కవాళ్లను కూడా పిలిచి, రెండు కుటుంబాల పొయ్యిలూ ఒకేచోట, డేరాలకు దూరంగా పెట్టించింది. అమ్మాయి చేత చుట్టూ ఊడిపించింది. మాఘంలో టేకాకు ఎండి రాలుతుంది. దాని మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ఊడ్చిన చోట మూడు రాళ్లు పెట్టి, పక్కన ఒక బిందె నీళ్లు, ఒక తట్ట ఇసుక ఉంచింది.

తల్లికి కూడా కొన్ని పట్టింపులున్నాయి. పొయ్యి దగ్గర నూలు చీరే కట్టుకుంటుంది. కొంగు నడుముకు బిగిస్తుంది. పాలియెస్టరు బట్టకు నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుందని ఆమెకు తెలుసు. వంటకు జంపన్నవాగు నీళ్లు తేనివ్వదు. ఆ వాగులో లక్షలమంది స్నానం చేస్తారు. నల్లా నీళ్లు తెచ్చి, తెర్లేదాకా కాచి, మూతపెట్టి తాగడానికి ఉంచుతుంది. కోడిని కోసిన కత్తి కడగకుండా ఉల్లిగడ్డ ముట్టనివ్వదు. ముక్క లోపల ఎరుపు పోయేదాకా కూర దించదు. మిగిలిన కూరను పొద్దుటికి దాచదు. పారవేయడం ఎవరికైనా కష్టమే గాని, ఎండలో రెండు గంటలు ఉన్న కోడికూర ఇంటిల్లిపాదినీ పడకెక్కించగలదు.

ఇన్ని జాగ్రత్తలు ఎరిగిన ఇల్లు అది. అయినా పొరపాటు అక్కడే జరిగింది.

ఆ రాత్రి చలి ఎక్కువగా ఉంది. చిన్నవాడు వణకసాగాడు. పొయ్యిలో కట్టెలు కాలి కణకణలాడే బొగ్గులు మిగిలి ఉన్నాయి. బాపమ్మ వాటిని ఇనుప మూకుడులోకి ఎత్తి డేరాలోకి తెచ్చింది. చలిగాలి రాకుండా టార్పాలిన్ అంచులు నాలుగువైపులా రాళ్లతో అణిచింది.

“బాపమ్మా, నిప్పు లోపటికి తేవద్దే” అన్నది అమ్మాయి.

“మంట లేదు, పొగ లేదు. ఇగ భయమెందుకే బిడ్డా? చిన్నోడు సలికి వణుకుతున్నడు.”

“పొగ లేకున్నా విషవాయువు వస్తదట. బడిల సారు చెప్పిండు.”

“మా అవ్వగారింట్ల చలికాలమంత కుంపటి పెట్టేటోళ్లు. మేం బతుకలేదా?”

బాపమ్మ మాటలో అబద్ధమేమీ లేదు. కాని ఆ కాలపు పెంకుటింట్లో పెంకుల సందుల నుంచి, చూరు కింది నుంచి గాలి ఆడుతూనే ఉండేది. టార్పాలిన్ డేరాలో అలా ఆడదు. బొగ్గుకు చాలినంత గాలి దొరికితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మనం పీల్చిన ప్రాణవాయువును రక్తంలోని హిమోగ్లోబిన్ శరీరమంతటికీ మోస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అదే హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటు ఉండదు. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, ఆపైన మగత. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియవు.

పెద్దవాళ్లు వినలేదు. అమ్మాయి పడుకోలేదు. కొంతసేపటికి తల్లి తల బరువుగా ఉందన్నది. ప్రయాణపు బడలిక అనుకున్నారు. ఇంతలో చిన్నవాడు లేచి వాంతి చేసుకున్నాడు. అమ్మాయికి తన తల కూడా పోటెత్తుతున్నట్టు తెలిసింది. ఇక ఎవరినీ అడగలేదు. రాళ్లు తన్ని టార్పాలిన్ పైకెత్తింది. తమ్ముణ్ణి చంకనేసుకొని బయటికి పరుగెత్తి, “బాపూ, లే! అందరు బయటికి రాండ్రి!” అని కేకలు పెట్టింది. తండ్రి తడబడుతూ లేచి తల్లినీ భార్యనూ బయటికి తెచ్చాడు. పక్క డేరావాళ్లు మూకుడును కర్రతో బయటికి లాగారు.

దారిలోని వైద్య శిబిరానికి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. అక్కడ ఆక్సిజన్ పెట్టారు. గంట గడిచేసరికి వాడు నీళ్లడిగాడు. అందరూ నిద్రపోయి ఉంటే పొద్దున ఎవరు లేచేవారో చెప్పలేమని డాక్టరు అన్నాడు. బాపమ్మ ఏమీ మాట్లాడలేదు. మనుమడి అరికాళ్లు రాస్తూ కూర్చున్నది.

మరునాటి రాత్రి డేరాలో నిప్పు లేదు. పిల్లలిద్దరినీ ఒకే గొంగడిలో చుట్టింది బాపమ్మ. పక్క డేరాలో ఎవరో కుంపటి తీసుకొని లోపలికి పోబోతుంటే అమ్మాయిని పిలిచి, “పొయ్యి చెప్పుపో. నువ్వే చెప్పు, నాకు సరిగ చెప్పరాదు” అన్నది.

శుక్రవారం మొక్కు చెల్లించి, మనవడి ఎత్తు బెల్లం బంగారంగా సమర్పించారు. శనివారం ఉదయం సామాను ట్రాక్టరులో ఎక్కించారు. తండ్రి పొయ్యిలోని బూడిదను అలాగే వదిలి రాబోతుంటే బాపమ్మ ఆపింది. బిందెడు నీళ్లు పోయించింది. కర్రతో కలియబెట్టి మళ్లీ పోయించింది. బూడిదకు దగ్గరగా అరచేయి చాచి, వేడి తగలడం లేదని చూసుకున్నది. మూడు రాళ్లను మాత్రం తీయనివ్వలేదు. వెనుక వచ్చేవాళ్లకు పొయ్యి కావాలి కదా అన్నది.