పురికొస తీశాకే మేత

బూర్గంపాడు మండలంలో గోదారి ఒడ్డు పొలాలవి. యాసంగి కోతలైపోయాయి. హార్వెస్టర్ వదిలిన గడ్డి వరసల మీదుగా ట్రాక్టర్ నడుస్తుంటే, వెనక తగిలించిన బేలర్ ఇనుప వేళ్లతో గడ్డిని లోపలికి లాగుతోంది. రోలర్ల మధ్య అది చాపలా చుట్టుకుంటోంది. నిండగానే పురికొస తిరిగింది, వెనక తలుపు లేచింది, గుండ్రటి కట్ట దబ్బున కిందపడింది.

డ్రైవర్ దిగి కట్టలోకి చేయి దూర్చాడు. "లోపల చెమ్ముంటే కాగుద్దన్నా, ఆనక బూజు పడద్ది. అది గొడ్డుకు పెట్టకూడదు." మంచు ఆరేదాకా అతను మిషన్ పొలంలోకి దించనే దించడు.

చేత్తో కోసిన రోజుల్లో గడ్డి పొడుగ్గా వచ్చేది. చేయి తిరిగినవాళ్లు వామి వేస్తే వాన నీరు లోపలికి దిగేది కాదు. మిషన్ కోసిన గడ్డి నలిగి ముక్కలైపోతుంది. ఏరించడానికి కూలీ గిట్టక చాలామంది అగ్గి పెడుతున్నారు. ఏడాది మేత ఒక్క పూటలో బూడిదవుతోంది. ఆ నిప్పును ఆపుతోంది కాబట్టే ఈ మిషన్ అంటే నాకు గౌరవం.

గోదారి పక్కన దీనికి ఇంకో విలువ ఉంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. అలాంటి వరదొస్తే వామిని ఎత్తుకుపోలేం. కట్టలనైతే ట్రాక్టర్‌కెత్తి మెరకకు చేర్చొచ్చు.

లారీకెత్తడమూ అంతే తేలిక. ఊరి గడ్డి ఊరు దాటిపోవడమే నన్ను కలవరపెడుతోంది. కోతలయ్యాక ఆ పొలాల్లో పడి మేసేవి అడవి అంచు గూడేల పశువులు. ఎండాకాలం అడవిలో పచ్చిక ఎక్కడుంటుంది? రైతు అమ్ముకోవడం తప్పనను, ఊరికి సరిపడా ఉంచాకే లారీ కదలాలంటాను.

సాయంత్రం కోయగూడెంలో ఒక పెద్దమ్మ పాక ముందు ఆగాను. లారీకి కట్టలెత్తినందుకు డబ్బులొద్దని పది కట్టలు అడిగి తెచ్చుకుందట. ఒకదాని పురికొస కోసి, చివరిదాకా లాగి, గడ్డిలో చేత్తో వెతికింది. ఇంకో తునక దొరికింది.

"ఇదెందుకు పెద్దమ్మా, అంత వెతుకుతున్నావ్?"

"నైలాన్ది కదయ్యా. మింగితే కడుపులో ఉండ కడతది. గొడ్డు మేత మానేస్తది."

రెండు తునకలూ గుంజ మేకుకు తగిలించింది. అక్కడ అప్పటికే ఓ గుత్తి వేలాడుతోంది. తర్వాతే ఆవు ముందు గడ్డి పరిచింది.