గిల్టు నగకూ ఒక మర్యాద

పెళ్లిపందిట్లో ఎవరి మెడలోనైనా కొత్త హారం కనబడితే పక్కన కూర్చున్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "బంగారమేనా, గిల్టా?" గిల్టని తెలిస్తే చూపు అక్కడితో తిప్పేసుకుంటారు. బంగారమని తెలిస్తే రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ఎన్ని కాసులు పట్టింది, ఎన్ని తులాలు పడింది, గ్రాము ఎంతలో కొన్నారు అని. ఈ రెండు సంభాషణల్లోనూ హారం ఎలా ఉందన్న మాటే రాదు. మామిడిపిందెల వరస ఎంత ఒద్దికగా వంగిందో, బిళ్ల మీద లక్ష్మీదేవి కళ్లు ఎంత చక్కగా దిద్దారో, అంచున గుట్టపూసలు ఎంత దగ్గర దగ్గరగా గుచ్చారో ఎవరికీ పట్టదు. నగను చూసి కూడా చేసిన చేతుల్ని తలుచుకోని ఈ అలవాటు నాకు చాలా చికాకు కలిగిస్తుంది. చేత్తో చేసిన గిల్టు నగ అంటే బంగారం కొనలేనివాళ్లు సరిపెట్టుకునే వస్తువని మనలో చాలామంది నమ్మకం. నేననేది వేరు. లోహం ధర చాటున దాక్కోకుండా కేవలం పనితనం మీద నిలబడేది గిల్టు నగే. ఈ సంగతి ఒప్పుకుంటే తప్ప దాన్ని ఎంచుకోవడం గానీ, కాపాడుకోవడం గానీ మనకు చేతకాదు.

బంగారు నగ సంగతి ముందు చూద్దాం. కొనేటప్పుడు బిల్లులో బంగారం ధరతో పాటు తరుగు, మజూరీ అని రెండు పద్దులుంటాయి. పనివాడి చెయ్యి లెక్కలోకి వచ్చేది అక్కడే. అదే నగను ఇరవై ఏళ్ల తర్వాత మార్చడానికి తీసుకెళితే తూకం వేస్తారు, ఎన్ని క్యారెట్లో చూస్తారు, లోహానికి ధర కడతారు. మజూరీకి ఒక్క పైసా రాదు. ఆ తర్వాత నగ మూసలోకి పోతుంది. అమ్మమ్మల నాటి కంటెలు, పట్టెళ్లు, నాగవత్తులు ఇలాగే కరిగి కొత్త మోడళ్లయ్యాయి. నిజాం నగలు 173 వస్తువులు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయంటే, 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలు పోసి కొని భద్రపరచబట్టి. మామూలు ఇంటి హారానికి ఆ యోగం పట్టదు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. ధర పెరిగేకొద్దీ పాతది కరిగించి సొమ్ము చేసుకోవాలన్న ఆశా పెరుగుతుంది. గిల్టు నగను ఎవరూ కరిగించరు, కరిగిస్తే వచ్చేది కాస్త రాగి. ఎవరికైనా తాతమ్మ ఫొటోలోని హారం లాంటిదే చేయించుకోవాలని ముచ్చట పుడితే, అంత బరువు బంగారంలో పెట్టే స్తోమత ఎందరికుంటుంది? ఆ పాత నమూనాకు మళ్లీ ప్రాణం పోయగలిగేది గిల్టు పనివాడే.

మన రంగస్థలం ఈ సంగతిని ఎప్పుడో తేల్చేసింది. కూచిపూడి వేషానికి కావలసిన నగల్ని పూర్వం తేలికపాటి బూరుగు కొయ్యతో చెక్కేవారు. తెలంగాణలో చిందు యక్షగానం ఆడేవాళ్ల కిరీటాలూ భుజకీర్తులూ కొయ్యవే. భామాకలాపంలో సత్యభామ జడ చూసి మైమరిచిన ప్రేక్షకుడు అది ఎన్ని కాసులని అడగలేదు. ఆమె గర్వం, ఆమె రాణివాసం ఆ జడలో కనబడ్డాయి, అది చాలు. ఇంకా వెనక్కి వెళితే, సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాటి మట్టిపూసలు, గాజుపూసలు బయటపడ్డాయి. మట్టిని పూసగా చేసి, బెజ్జం వేసి, కాల్చి, దండగుచ్చి మెళ్లో వేసుకున్నవాళ్లు అలంకారం అంటే ఏమిటో తెలియనివాళ్లు కాదు.

కూచిపూడి ఉన్న కృష్ణా జిల్లాలోనే, మచిలీపట్నంలో, చిలకలపూడి ఉంది. గిల్టు నగలనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే ఊరు. అక్కడ ఈ పని మొదలై వందేళ్లు పైబడింది. రాగి మీద సన్నని బంగారు రేకు పరిచి, వేడితో, ఒత్తిడితో రెండింటినీ ఒకటి చేసి, ఆపైన రేకుగానో తీగగానో సాగదీసుకోవడం రోల్డ్‌గోల్డ్ అసలు పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా నడిచేది కరెంటు పూత. ఈ పూత నగ తయారీలో చివరి పనుల్లో ఒకటి. దానికి ముందు అచ్చు కొట్టాలి, తీగ తీయాలి, టంకం పెట్టాలి, ఆకురాయి వెయ్యాలి, మెరుగు పెట్టాలి, రాళ్లు పొదగాలి. ఒక్కో పని ఒక్కొక్కరి చేతిలో, చాలావరకు ఇళ్లలోనే సాగుతుంది. రాళ్లు పొదిగేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. టంకం ఒక్కటి చూడండి. ఎక్కువైతే గడ్డకట్టి నగిషీని మింగేస్తుంది, తక్కువైతే నాలుగు రోజులకు ఊడుతుంది. బంగారానికి టంకం పెట్టే కంసాలికి ఎంత నిలకడైన చెయ్యి కావాలో రాగికి పెట్టేవాడికీ అంతే కావాలి. చేతికి వచ్చే కూలీలో మాత్రం పోలికే లేదు.

ఆ చెయ్యి కనబడేది నగ వెనకవైపు. నగ కొనేవాళ్లకు నేను చెప్పగలిగిన మాట ఇంకేదీ లేకపోయినా ఇదొక్కటి చెబుతాను: తిప్పి చూడండి. ముందువైపున్న తప్పుల్ని పూత కప్పేస్తుంది. ఒక కెంపురాళ్ల అడ్డిగ తీసుకుందాం. ముందునుంచి చూస్తే ఒకే సైజు ఎర్రరాళ్లు వరసగా మెరుస్తుంటాయి, పనిమంతుడు చేసిందీ తూతూమంత్రంగా చేసిందీ ఒకేలా ఉంటాయి. తిప్పితే ఒక్కో రాయికి ఒక్కో గూడు ఉందా, లేక బోసి రేకు మీద రాయిని గమ్ముతో అతికించారా అన్నది తెలిసిపోతుంది. గూడు ఉన్నచోట మళ్లీ ముందుకు తిప్పి రాయి అంచున గోరు పెట్టి రాయండి. రాయి మీదికి వంచి నొక్కిన లోహపు అంచు గోటికి నున్నగా తగలాలి. గమ్ముతో అంటించిందైతే రాయి చుట్టూ సన్నగా జిగురు పొర కనిపిస్తుంది, కొన్నాళ్లకు అదే పచ్చబడి రాయిని వదిలేస్తుంది. గూటికీ గూటికీ మధ్య ఉండే చిన్న రింగుల మూతి టంకంతో మూసి ఉండాలి. ఊరికే నొక్కి వదిలేసిన రింగు చీర పోగు తగులుకున్న ప్రతిసారీ కాస్త కాస్త తెరుచుకుని ఒకరోజు బిళ్లను జారవిడుస్తుంది. ఆ తర్వాత అడ్డిగను అద్దాల బల్ల మీద కాకుండా మణికట్టు మీద వేసుకుని చూడాలి. మంచి పనివాడి చేతిలో తయారైన అడ్డిగ ఒంటి వంపుకు తగ్గట్టు పరుచుకుంటుంది, అచ్చు కొట్టి గొలుసుకు తగిలించింది అక్కడక్కడా లేచి నిలబడుతుంది. కొక్కెం పెట్టి తీయడానికి బిగువుగా ఉండాలి, వేలికి గీసుకోకూడదు. ఇక రాళ్ల రంగులో, పూసల సైజులో కొద్దిపాటి తేడా చేతిపనికి సహజం. అయితే వంకర టంకాన్నీ, ఒరిగిపోయిన రాయినీ చూపించి 'చేతిపని కదండీ' అనే దుకాణదారు మాట నమ్మొద్దు. అది అశ్రద్ధ. మంచి చేతిపని యంత్రం పనికన్నా నికార్సుగా ఉంటుంది.

హైదరాబాదు లాడ్‌బజారు లక్క గాజులు ఈ విషయంలో ఇంకా గట్టి సాక్ష్యం. అక్కడ బంగారం పేరే లేదు. లక్క అనేది మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు ఊరించే జిగురు. దాన్ని వేడిచేసి, పొడి కలిపి పిసికి, కడ్డీగా సాగదీసి గాజుగా చుడతారు. మళ్లీ వేడి చూపించి, లక్క మెత్తబడిన ఆ కాసేపట్లోనే రాళ్లను ఒక్కొక్కటిగా అద్దాలి. వేడి చాలకపోతే రాయి పట్టదు, ఎక్కువైతే గాజు గుండ్రం పోతుంది. ఎంత వేడి చాలో చూసే సాధనం ఏదీ లేదు, వేళ్లకే తెలియాలి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పురుగు ఊరించిన జిగురు, చవక రాళ్లు. ఈ రెంటినీ చార్మినార్ పక్క సందుకు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి కొనుక్కునే నగగా మార్చింది చెయ్యి తప్ప మరేమిటి?

ఆపదలో ఆదుకునేది బంగారమే కదా, గిల్టు తాకట్టుకైనా పనికొస్తుందా అని అడుగుతారు. ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. బ్యాంకు ఖాతా లేని రోజుల్లో, పొలం మీద హక్కు లేని ఆడవాళ్లకు ఒంటి మీది బంగారమే ఆస్తి. చదువులకీ, జబ్బులకీ, పెట్టుబడికీ అక్కరకొచ్చింది అదే. కానీ పొదుపూ అలంకారమూ ఒకే వస్తువులో తీరాలన్న పట్టుదల రెంటికీ నష్టం చేస్తోంది. పొదుపు కోసం బంగారం కొనేవాళ్లు తరుగూ మజూరీ పెద్దగా పడని కాసులో బిళ్లలో కొనుక్కోవడమే తెలివైన పని. నగిషీ హారం కొని లాకర్లో పెట్టి, దొంగల భయంతో ఏడాదికోసారి తీసి చూసుకుంటే డబ్బూ కలిసిరాదు, ముచ్చటా తీరదు. గిల్టు నగను బస్సులో, ఆఫీసులో, పేరంటంలో నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నగ ఉన్నది పెట్టుకోవడానికి.

గిల్టు పెట్టుకోవడం లేనిది ఉన్నట్టు చూపించడమే అన్నది ఇంకో అభ్యంతరం. గిల్టును బంగారమని అమ్మితే మోసం, అందులో అనుమానం లేదు. అమ్మినవాడి తప్పుకు నగనూ, చేసినవాణ్నీ నిందించడం న్యాయం కాదు. 18వ శతాబ్దపు పారిస్‌లో స్ట్రాస్ అనే నగల పనివాడు సీసం కలిపిన గాజుతో వజ్రాల్లా మెరిసే రాళ్లు చేశాడు. అవి గాజువని తెలిసే గొప్పింటివాళ్లు ఎగబడి కొన్నారు. 1920ల్లో ఫ్యాషన్ డిజైనర్ కోకో షానెల్ ఉత్తుత్తి ముత్యాల దండలను నిజమైన నగలతో కలిపి బాహాటంగా వేసుకుని, అందరిచేతా వేయించింది. ఫ్రెంచి రచయిత మొపాసా 1884లో రాసిన హారం కథ మనవాళ్లలో చాలామందికి తెలుసు. అరువు తెచ్చుకున్న వజ్రాలహారం పోగొట్టుకుని, బదులు కొనిచ్చిన హారం అప్పు తీర్చడానికి పదేళ్లు చాకిరీ చేశాక, పోయింది నకిలీదని కథానాయికకు తెలుస్తుంది. ఆ కథ చదివి ఆడంబరం మీద పాఠం చెప్పుకుంటాం. అసలు హారానికీ దానికీ తేడా కనిపెట్టలేనంత అందంగా చేసిన ఆ పేరులేని పనివాడి సంగతి ఎవరూ ఎత్తరు.

రంగు పోతుంది, ఒళ్లు దురద పెడుతుంది అన్న ఫిర్యాదు మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. అందుకు కారణం చేతిపని కాదు, పూత కింద వేసే నికెల్, పేరుకు మాత్రమే ఉండే పూత. నికెల్ పడని ఒంటికి చెవి తమ్మెలు ఎర్రబడి నీరు కారతాయి. యూరప్ దేశాల్లో నగలనుంచి వెలువడే నికెల్‌కు చట్టం హద్దు పెట్టింది. మన దగ్గర బంగారు నగలకు 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. గిల్టు నగ మీద మాత్రం ఏ లోహం వాడారో, పూత మందం ఎంతో తెలిపే ఒక్క అక్షరం ఉండదు. 'వన్ గ్రామ్ గోల్డ్' అని బోర్డు పెట్టుకున్న ప్రతి దుకాణంలోనూ ఆ గ్రాము ఎక్కడుందని అడగాల్సిందే. పూత ఎన్ని మైక్రాన్లు, అడుగున రాగా ఇత్తడా, నికెల్ ఉందా లేదా, ఈ మూడూ చీటీ మీద రాసిస్తే నిజాయితీగా పనిచేసేవాళ్లే ముందు బాగుపడతారు. ప్రస్తుతం వాళ్ల సరుకూ, వారానికి నల్లబడే సరుకూ ఒకే వరసలో వేలాడుతున్నాయి.

మన చేతిలో ఉన్న జాగ్రత్త మనం తీసుకోవాలి. బంగారాన్ని కుంకుడురసంలో నానబెట్టి బ్రష్‌తో రుద్దే అలవాటు గిల్టు దగ్గరికి తేకూడదు. చింతపండు, నిమ్మకాయ, పళ్లపేస్టు ఏది పెట్టి తోమినా ఆ సన్నని పూతను చేతులారా అరగదీసుకోవడమే. చీర, జడ, పౌడరు, సెంటు అన్నీ అయ్యాక చివర నగ పెట్టుకోవాలి, ఇంటికి రాగానే ముందు తీయాలి. తీసిన వెంటనే మెత్తని పొడి నూలుబట్టతో చెమట తుడవాలి, చెమటలోని ఉప్పుకు రాగి తొందరగా నల్లబడుతుంది. దూదిలో చుట్టి పెట్టడం మన ఇళ్లలో వాడుక గానీ, దూది తేమ పీలుస్తుంది. గాలి చొరని కవరులో ఒక్కో నగను విడిగా పెట్టి, మందుసీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేస్తే చాలు. లక్క గాజులకు వేడి తగలకూడదు, ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంగిపోతాయి. లక్క ఆల్కహాల్లో కరుగుతుంది కాబట్టి శానిటైజరూ సెంటూ పడితే మెరుపు చచ్చి బంకగా తయారవుతుంది. ఇంత చేసినా కొన్నేళ్లకు గిల్టు వెలవెలబోతుంది. అప్పుడు పారెయ్యనక్కర్లేదు. టంకాలూ గూళ్లూ గట్టిగా ఉన్న నగకు మళ్లీ పూత వేయించవచ్చు, నాసిరకం నగకు ఆ అవకాశమే లేదు.

గిల్టు కదా అని వెయ్యి చెప్పినదాన్ని మూడొందలకు అడగడం మానుకోండి. మీరు బేరమాడి తగ్గించేది రాళ్లు పొదిగిన మనిషి కూలీ. యంత్రం సరుకు ముంబై నుంచీ రాజ్‌కోట్ నుంచీ గుట్టలుగా దిగుతున్న ఈ రోజుల్లో ఆ కూలీ గిట్టకపోతే చిలకలపూడి ఇళ్లలో ఈ పని వచ్చే తరానికి అందదు. అయిదు కొనే డబ్బుతో, వెనక్కి తిప్పి చూసి, ఒక్కటే మంచిది కొనండి.