ముందు జీతం, తర్వాత రాజశేఖరం

మే 21, 2018
యద్దనపూడి సులోచనారాణి గారు పోయారు. కాలిఫోర్నియాలో, కూతురి దగ్గర ఉండగా, గుండెపోటుతో. టీవీలో స్క్రోలింగు చూసి పక్కింటి పిన్నిగారు కుక్కరు స్టవ్వు మీదే వదిలేసి వచ్చారు. "మన రాణి పోయిందమ్మాయ్!" అన్నారు. ఒక్కసారి కూడా ఎదురుపడని మనిషిని 'మన' అంటున్నారు. సభలకీ ఇంటర్వ్యూలకీ దూరంగా మసిలిన రచయిత్రి ఆమె. అయినా సికింద్రాబాదులో ఈ పిన్నిగారికి చుట్టమైపోయారు.

మే 23
సినిమాలైన నవలలే బోలెడు. మీనా, జీవన తరంగాలు 1973లో, సెక్రటరీ 1976లో. మనిషి గురించి వెతికితే దొరికేవి నాలుగు ముక్కలు: కృష్ణా జిల్లా కాజలో పుట్టారు, పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చారు, రాశారు, చాలా రాశారు.

కాజ అంటే మంగళగిరి పక్కన టోల్‌గేటు ఉన్న కాజ కాదు. మొవ్వ దగ్గరిది. మొవ్వ అంటే క్షేత్రయ్య ఊరు! నాయికల అలకలు, ఎత్తిపొడుపులు, రాని ప్రియుడి కోసం ఎదురుచూపులు పదాలుగా కట్టిన మహానుభావుడు అక్కడివాడు. మూడు శతాబ్దాల తర్వాత ఆ పొలిమేరల్లోనే ఈవిడ. నీళ్ళలో ఏదో ఉందని అనను గానీ, ఈ సంగతి నాకు భలే నచ్చింది.

మే 27, ఆదివారం
పిన్నిగారు అటక మీంచి 'జీవన తరంగాలు' దింపించారు. పుస్తకం కాదు. వారంవారం పత్రికలోంచి చింపి, దాచి, చిక్కడపల్లిలో బైండు చేయించిన సీరియల్. అట్ట మీద నీలం గుడ్డ, వెన్ను దగ్గర దారం బయటికొచ్చింది. కాగితాల వెనక పేజీల్లో సగం జోకులు, తలనూనె ప్రకటన, ఒక వంటకం తోక: "...నూనె తేలేదాకా వేయించి దింపుకోవాలి." ఏం దింపుకోవాలో ముందు పేజీకే తెలుసు.

మధ్యలో ఒక వారం లేదు. దాని స్థానంలో రూళ్ళ కాగితం, సిరాతో పిన్నిగారి దస్తూరీ. పత్రిక దొరక్కపోతే ఎదురింటావిడ చెప్పగా విని కథ రాసుకున్నారట. రెండు పేజీలు. చివర బ్రాకెట్లో: "ఇక్కడ నాకు ఏడుపొచ్చింది."

జూన్ 3
అది అద్దె లైబ్రరీల కాలం. రోజుకింతని ఇచ్చి నవల తెచ్చుకుని, మూడిళ్ళవాళ్ళు చదివేసి, గడువులోగా తిరిగిచ్చేసేవారట. ఎం. శేషాచలం అండ్ కో అన్న పేరులోంచే పాకెట్ నవలల ఎమెస్కో పుట్టింది. బందరు కంపెనీ. ఆ పాకెట్ పుస్తకాల లోపలి పేజీలో బందరు, మద్రాసుల పక్కన సికింద్రాబాదు కూడా ఉండేది. మన ఊరి పేరు నవలలో అచ్చయిందని పిన్నిగారు మురిసిపోయేవారట.

ఆ రోజుల్లో ఆడపేరు ఉంటే చాలు, నవల చెల్లేది. మగ రచయితలు కొందరు భార్యల పేర్లు అరువు తెచ్చుకున్నారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతోనే రాశారు, అదీ అద్భుతంగా రాశారు.

జూన్ 8, మృగశిర
పొద్దున్నుంచీ వాన. ఒక మిత్రుడు ఫోన్లో, "ఆడపిల్లల్ని ఊహల్లో తేలించింది కదండీ ఆవిడ, కార్లు, మేడలు, ఆరడుగుల అందగాళ్ళు" అన్నాడు. సగం నిజం. హీరోలు ఒకే దర్జీ దగ్గర కుట్టించుకున్నట్టు ఉంటారు, కష్టాలన్నీ పెళ్ళిపీటల దగ్గర తీరతాయి.

కానీ ఆవిడకి అంత పేరు తెచ్చిన నవల పేరు ఏమిటి? ఒక ఉద్యోగం పేరు: సెక్రటరీ. అందులో జయంతి హీరో రాజశేఖరాన్ని చూడగానే కరిగిపోయే పిల్ల కాదు. డబ్బున్నవాడని లొంగదు, ఒక్క మాట పడదు. ఆ పొగరుకే పాఠకురాళ్ళు పడిపోయారని నా లెక్క. రాజశేఖరం ఆ పొగరుకి దక్కిన బహుమతి. ఆవిడ ఎందుకు రాశారో నాకు తెలిసే దారి లేదు. ఏం రాస్తూ వచ్చారో మాత్రం తెలుసు: ఆత్మాభిమానం. ప్రేమ దాని మీద పోసిన పాకం.

సాయంత్రం పిన్నిగారితో అదే అన్నాను. దక్షిణ మధ్య రైల్వే 1966లో వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళకి పిన్నిగారు అందులో టైపిస్టుగా చేరారు. "రాజశేఖరం ఎవడికి కావాలమ్మాయ్! ఒకటో తారీకున సంతకం పెట్టి జీతం తీసుకుంటుంటే నేనే జయంతిననుకునేదాన్ని" అన్నారు. కాస్త ఆగి, "వస్తే కాదనేదాన్ని కాదులే" అని కూడా అన్నారు.

జూన్ 17
నేను రాసిన ప్రేమకథ చదివిన ఒకావిడ పారడైజు మెట్రో మెట్ల మీద ఆపి, "మీది ప్రేమ పెళ్ళా?" అని అడిగింది. డిటెక్టివ్ నవలలు రాసిన కొమ్మూరి సాంబశివరావు గారిని ఎన్ని శవాలు చూశారని ఎవరైనా అడిగి ఉంటారా? ప్రేమ రాసేవాళ్ళ ఇల్లే సోదా చేస్తారు, అందులోనూ ఆడవాళ్ళది. సులోచనారాణి గారు నోరు మెదపకపోవడం నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. పెద్దలు కుదిర్చిందే అని చెప్పాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

జూలై 1
త్రివిక్రమ్ సినిమా 'అ ఆ' మళ్ళీ చూశాం. 2016లో వచ్చినప్పుడు అందరూ 'మీనా' పోలికలే చెప్పుకున్నారు. పిన్నిగారు ప్రతి సీనుకీ ముందే కథ చెప్పేస్తుంటే పక్కన కూర్చున్న మనవరాలు చెవులు మూసుకుంది.

జూలై 29
లష్కర్ బోనాలు. ఉజ్జయిని మహంకాళి గుడి వైపు దారులన్నీ కిటకిట, గది తలుపేసుకున్నా డప్పులే. కొత్త కథ మొదలుపెట్టాను. ఈసారి హీరోని చివరికి ఉంచి, పిల్ల జీతం ముందు వేశాను: నెలకి పద్దెనిమిది వేలు, మారేడ్‌పల్లిలో ఒంటిగది పోర్షను. పిన్నిగారు చదివి కళ్ళజోడు తీశారు.

"పద్దెనిమిది వేలకి మారేడ్‌పల్లిలో అద్దె కట్టి ఏం తింటుందే పిల్ల? చిలకలగూడకి మార్చు."

మార్చాను. బస్సు నంబరు కూడా మార్చాలి.