గుర్తు తెలియని మహిళ

మదనపల్లెలో కుప్పం బస్సెక్కి కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఆ రోజు నాకు పండగే. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేలోగా చాలా పేజీలు చదువుకోవచ్చు. ఈ మధ్య ఆ దారిలో నా చేతిలో ఉండేవన్నీ ఇంగ్లీషులోకి వచ్చిన స్వీడన్ అపరాధ పరిశోధన నవలలే.

మొదట దొరికింది 'రోజానా'. మై షూవాల్, పేర్ వాలూ అనే జంట 1965లో రాశారు. కాలువలో పూడిక తీస్తుంటే ఓ అమ్మాయి శవం బయటపడుతుంది. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని చదువుతూ పెరిగినవాణ్ణి కదా, ఈ నిదానం మొదట్లో మింగుడుపడలేదు. పోలీసు మార్టిన్ బెక్‌కి కడుపునొప్పి, జలుబు. ఉత్తరాలు రాస్తాడు, జవాబుల కోసం కాచుకుంటాడు, తీరిక దొరికితే బొమ్మ ఓడలు చేసుకుంటాడు. అయితే ఆ అమ్మాయిని మాత్రం మరిచిపోడు.

పుంగనూరులో బస్సు ఆగినప్పుడు పక్క సీటాయన జిల్లా పేజీ తిరగేస్తున్నాడు. అందులో ఓ మూల 'గుర్తు తెలియని మహిళ మృతదేహం' అని నాలుగు లైన్లు. చీర రంగు, వయసు సుమారు ఇంత, అంతే. ఇలాంటి వార్తలు ఎన్ని చదివుంటానో! మర్నాడు ఆమె పేరు తెలిసిందా అని ఒక్కసారీ వెతకలేదు. బెక్ ఓపిక నాకు అప్పుడు అర్థమైంది. చనిపోయిన మనిషికి పేరు తిరిగి ఇవ్వడం కోసమే ఆ నవల అంత నెమ్మదిగా నడుస్తుంది.

పుస్తకంలో ఇంకో పేరూ ఉంది. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో, లోయిస్ రాత్. స్వీడిష్ నుంచి ఇంగ్లీషు చేసింది ఆవిడే. మరో స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ పెద్ద నవలకు స్వీడిష్‌లో పేరు 'ఆడవాళ్ళను ద్వేషించే మగవాళ్ళు'. ఇంగ్లీషులో అది డ్రాగన్ పచ్చబొట్టు పిల్ల అయింది. నిప్పులాంటి మాటను తీసి బొమ్మ పెట్టినట్టుంది నాకు. దాని అనువాదకుడు స్టీవెన్ మర్రే, తన ప్రతిలో చేసిన మార్పులు నచ్చక, పుస్తకం మీద రెగ్ కీలండ్ అనే మారుపేరు వేయించుకున్నాడు.

అనువాదం మా మదనపల్లెకి కొత్తేం కాదు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఇక్కడి థియొసాఫికల్ కాలేజీలో ఉండగానే జనగణమనను తానే ఇంగ్లీషులోకి మార్చారు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీకొట్టు దగ్గర వినిపించే ఊరది. అక్కడ చదివే పిల్లల్లో ఒక్కరైనా స్వీడిష్ నేర్చుకుని, నేరుగా తెలుగులోకి 'రోజానా' తేవాలని నా కోరిక. తెచ్చినవాళ్ళ పేరు అట్ట మీద, పెద్ద అక్షరాల్లో వేయండి.