అర్జీల పక్కనే జెండా పండుగ

ఆగస్టు వచ్చిందంటే హనుమకొండ, వరంగల్ కలెక్టరేట్లలో రెండు పనులు కలిసే నడుస్తాయి. సోమవారం ప్రజావాణిలో భూమి గొడవలు, పింఛన్ల అర్జీలు. మరోపక్క పంద్రాగస్టు ఏర్పాట్ల సమీక్ష.

2022లో రాష్ట్రమంతా స్వాతంత్ర్య వజ్రోత్సవాలు ఆగస్టు 8 నుంచి 22 దాకా సాగాయి. ఇంటింటికీ జెండాలు పంచారు. 16న ఎక్కడివాళ్లక్కడ నిలబడి జాతీయ గీతం పాడారు.

అయితే ఈ నేలకు పంద్రాగస్టు ఒక్కటే సరిపోదు. నిజాం ఏలుబడిలో ఇక్కడ మువ్వన్నెల జెండా ఎత్తడమే నేరం. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి కదిలిన జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది మరుసటి ఏడాది సెప్టెంబరు 17న.

ఆ కాల్పుల్లో చనిపోయినవారి కోసం పరకాలలో కట్టిన అమరధామం ఉంది. సమీక్షల్లో సెప్టెంబరు 2కూ చోటుండాలి. బడిపిల్లల్ని బస్సుల్లో అక్కడికి తీసుకెళ్లాలి, ఆ కథ వాళ్లకు చెప్పాలి.